ఛాంపియన్ జేబులో మూడు డాలర్లు

1953 చివర్లో ముప్పయ్యైదేళ్ల బెన్ జాన్సన్ రోడియోల (కౌబాయ్‌ల స్వారీ, తాడు పోటీల) మీద తిరగడం ముగించుకుని ఇంటికి వచ్చాడు. ఆ ఏడాదంతా అమెరికాలో ఊరూరా పోటీల్లో దిగి, ఇద్దరు కలిసి కోడెను తాళ్లతో పట్టే టీమ్ రోపింగ్‌లో వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. మరి ఏం సంపాదించుకొచ్చాడు? ఆ మాట తర్వాతి రోజుల్లో తనే నవ్వుతూ చెప్పుకునేవాడు: జేబులో మూడు డాలర్లు కూడా లేవు, ఉన్నదల్లా అరిగిపోయిన ఓ కారు, మండిపడుతున్న భార్య.

అప్పటికే అతను హాలీవుడ్‌లో ఊరూ పేరూ లేనివాడేం కాదు. మూడేళ్ల కిందటే పెద్ద దర్శకుడు జాన్ ఫోర్డ్ సినిమాలో ప్రధాన పాత్ర వేశాడు. అదంతా పక్కన పెట్టి తాడు పుచ్చుకుని వెళ్లాడు. మళ్లీ సినిమాల్లోకి వచ్చాడు. 1972లో ఆస్కార్ అందుకున్నాడు. రోడియోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్, నటనకు ఆస్కార్, ఈ రెండూ గెలిచిన మనిషి ఇంకొకరు లేరు.

ఈ కథను 'పశువులు కాసుకునేవాడు స్టార్ అయ్యాడు' అన్న తీరులో చెప్పేస్తుంటారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ లెక్క కుదరదు. ప్రపంచ విజేత ఖాళీ జేబుతో ఎందుకు వచ్చాడు? సినిమా జీతం వదిలి ఎందుకు వెళ్లాడు? నటన నేర్చుకోని మనిషికి అంత పెద్ద అవార్డు ఎలా వచ్చింది? ఈ మూడు చిక్కుముళ్లూ ఒక్క తాడుకే ఉన్నాయని నాకనిపిస్తుంది. గుర్రం మీద నైపుణ్యం చూపించడానికి రోడియోలో ఆడేవాడే డబ్బు కట్టాలి. అదే నైపుణ్యానికి సినిమావాళ్లు ఎదురు డబ్బిస్తారు. బెన్ జీవితమంతా ఈ రెండు లెక్కల మధ్యే అటూ ఇటూ తిరిగింది.

ముందు రోడియో సంగతి చూద్దాం. మనకు కౌబాయ్ అనగానే తుపాకీ గుర్తొస్తుంది. 1971లో కృష్ణ హీరోగా వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు' దగ్గర్నుంచీ మన కౌబాయ్ నడుముకు తుపాకీ కట్టుకుని ఎడారిలో తిరిగేవాడే. ఆ రూపం మనకు ఎక్కువగా ఇటలీవాళ్లు తీసిన వెస్టర్న్‌ల మీదుగా వచ్చింది. నిజమైన కౌబాయ్ పనిముట్టు తుపాకీ కాదు, తాడు. వేల ఎకరాల మేత భూముల్లో చెదిరిపోయిన మందను ఒకచోటికి తోలడం, దూడను పట్టి వాత వేయడం, గాయపడిన కోడెను పడగొట్టి మందు రాయడం, ఇదీ అతని కూలి పని. స్పానిష్‌లో 'రోడియార్' అంటే చుట్టుముట్టడం. రోడియో అన్న మాట అందులోంచే వచ్చింది. ఉచ్చు తాడుకు వాడే లాసో, లారియట్ లాంటి మాటలు కూడా మెక్సికో పశువుల కాపరుల దగ్గర్నుంచి అందినవే. పని అయిపోయాక 'నువ్వు గొప్పా నేను గొప్పా' అని కట్టుకున్న పందాలే మెల్లగా టికెట్ పెట్టి చూపించే ఆటయ్యాయి.

ఆటలో రెండు రకాల పోటీలుంటాయి. ఒక రకంలో ఎగిరిపడే గుర్రం మీదో ఎద్దు మీదో ఒంటిచేత్తో ఎనిమిది సెకన్లు నిలవాలి. రెండో చెయ్యి దేనికీ తగలకూడదు. మార్కుల్లో సగం మనిషికి, సగం పశువుకు. పశువు మెతకగా ఉంటే మనిషి ఎంత బాగా కూర్చున్నా మార్కులు రావు. (ఇక్కడ మనకో చిన్న చుట్టరికం ఉంది. ఈ ఎద్దుల్లో చాలావాటికి మూపురం ఉంటుంది, ఎందుకంటే వాటిలో అమెరికన్ బ్రాహ్మన్ జాతి రక్తం ఉంది. ఆ జాతిని తయారుచేయడానికి మన దేశం నుంచి వెళ్లిన పశువుల్లో గిర్, గుజరాత్ జాతులతో పాటు మన ఒంగోలు గిత్త కూడా ఉంది. అక్కడ దాన్ని నెల్లూరు జాతి అంటారు.) రెండో రకం పోటీలన్నీ గడియారంతో. దూడనో కోడెనో ఎంత త్వరగా పట్టి కట్టారన్నదే లెక్క. బెన్‌ది ఈ రెండో రకం.

టీమ్ రోపింగ్‌ను ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలి. ఇప్పటి పద్ధతే చెప్తాను. బెన్ రోజుల్లో ఒక్కో ప్రాంతంలో ఒక్కో తీరుగా ఆడేవాళ్లు. ఇద్దరు రౌతులు, ఒక కోడె. కోడె సన్నటి గేటులోంచి దూసుకొస్తుంది. దానికి కొన్ని అడుగులు ముందు వెళ్లే అవకాశం ఇవ్వాలి. తొందరపడి అడ్డుతాడు తెంపితే పది సెకన్లు జరిమానా, అంటే ఆ పరుగు పోయినట్టే. మొదటి రౌతు తల మీద ఉచ్చు తిప్పుతూ వెళ్లి కొమ్ములకు వేస్తాడు. వేసిన మరుక్షణం తాడును జీను ముందున్న కొమ్ముకు చుట్టాలి. ఆ కోడె మూడు క్వింటాళ్ల దాకా తూగొచ్చు. తాడుకూ జీనుకూ మధ్య బొటనవేలు ఇరుక్కుందా, వేలు తెగిపోతుంది. అలా బొటనవేలు పోగొట్టుకున్న రోపర్లు ఒకరిద్దరు కాదు. తాడు చుట్టాక గుర్రాన్ని ఎడమకు తిప్పి కోడెను లాగుతాడు. కోడె మలుపు తిరుగుతూ ఎగిరే ఆ క్షణంలో రెండో రౌతు దాని వెనక కాళ్ల ముందు ఉచ్చు నిలబెట్టాలి. కాళ్లు వాటంతటవే వచ్చి అందులో పడాలి. రెండూ పడితే సరి, ఒక్క కాలే పడితే అయిదు సెకన్లు అదనం. రెండు తాళ్లూ బిగిసి, గుర్రాలు ఎదురెదురుగా నిలిస్తే జడ్జి జెండా దించుతాడు. ఇప్పటి మేటి జట్లు ఇదంతా అయిదారు సెకన్లలో ముగిస్తాయి. మీరు ఈ పేరా చదవడానికి పట్టిన సమయంలో అయిదారు జట్లు ఆడేసి వెళ్లిపోతాయి.

ఇక డబ్బు. రోడియోలో ఆటగాడికి జీతం ఉండదు, జట్టు యజమాని ఉండడు. ప్రతి పోటీకీ ఎంట్రీ ఫీజు కట్టి దిగాలి. గుర్రం తనదే, దాని మేత తనదే, పెట్రోలు, బస, విరిగిన ఎముకల ఖర్చు అన్నీ తనవే. ఊరికే లెక్క కోసం అనుకుందాం: 40 జట్లు, జట్టుకు 100 డాలర్ల ఫీజు. నిర్వాహకులు ఇంకో వెయ్యి కలిపారు. మొత్తం 5,000. మొదటి నాలుగు జట్లు దాన్ని 40, 30, 20, 10 శాతాల చొప్పున పంచుకుంటాయి. గెలిచిన జట్టుకు 2,000, అందులో ఒక్కొక్కరికి వెయ్యి. 36 జట్లు ఫీజు పోగొట్టుకుని, గుర్రాన్ని ట్రెయిలర్‌లోకి ఎక్కించుకుని, రాత్రంతా బండి నడిపి తర్వాతి ఊరు చేరతాయి.

ఈ మాత్రం లెక్కయినా ఊరికే రాలేదు. 1930ల్లో కొన్నిచోట్ల ఎంట్రీ ఫీజులు కూడా బహుమతిలో కలిపేవాళ్లు కాదు. ఆటగాళ్లు కట్టిన డబ్బు నిర్వాహకుడి ఖాతాలోకే పోయేది. 1936లో బోస్టన్ గార్డెన్‌లో 61 మంది కౌబాయ్‌లు ఇక ఆడం అని కూర్చున్నారు. బహుమతి పెంచాలి, మా ఫీజు మా బహుమతిలోనే కలపాలి, అన్నది డిమాండ్. గెలిచారు. వెంటనే సంఘం పెట్టుకుని దానికి 'కౌబాయ్స్ టర్టిల్ అసోసియేషన్' అని పేరు పెట్టుకున్నారు. నిదానంగానే కదిలాం గానీ చివరికి మెడ బయటపెట్టాం కదా, అందుకని తాబేలు. 1945లో అది రోడియో కౌబాయ్స్ అసోసియేషన్ అయింది. బెన్ గెలిచింది ఈ సంఘం ఇచ్చే ప్రపంచ టైటిలే.

అసలు తమాషా ఆ టైటిల్ లెక్కలో ఉంది. అప్పట్లో ఏడాది చివర ఫైనల్స్ అంటూ లేవు. నేషనల్ ఫైనల్స్ మొదలైంది 1959లో. అప్పటిదాకా ఏడాది మొత్తంలో ఆ పోటీలో ఎవరు ఎక్కువ డాలర్లు గెలిస్తే వాడే వరల్డ్ ఛాంపియన్. డాలరే పాయింటు. అయితే లెక్కలోకి వచ్చేది గెలిచిన డబ్బే, ఖర్చు తీసేయరు. ఎక్కువ గెలవాలంటే ఎక్కువ ఊళ్లు తిరగాలి, తిరిగిన కొద్దీ ఖర్చు. అంటే కాగితం మీద దేశంలో అందరికన్నా ఎక్కువ గెలిచినవాడు ఇంటికి అప్పుతో రావడం వింత కాదు, ఆ పద్ధతిలోనే ఉంది. బెన్ మూడు డాలర్ల మాటను జోకనుకుని నవ్వేస్తారు గానీ అది జోకు కాదు, బ్యాలెన్స్ షీటు.

ఇదంతా తెలిసీ ఎందుకు వెళ్లాడు? దానికి అతని సొంత రాష్ట్రం ఓక్లహామా దాకా వెనక్కి పోవాలి.

బెన్ 1918 జూన్ 13న ఓసేజ్ ప్రాంతంలోని ఫోరేకర్ దగ్గర పుట్టాడు. ఓసేజ్ తెగవాళ్ల భూమి కింద చమురు పడి, ఆ డబ్బు కోసం వాళ్లను వరసగా హత్యలు చేసిన 1920ల నాటి చరిత్ర ఈ మధ్యే సినిమాగా కూడా వచ్చింది కాబట్టి ఆ పేరు మీకు తెలిసే ఉంటుంది. ఆ నేల మీదే, ఆ సంవత్సరాల్లోనే బెన్ పెరిగాడు. తండ్రి పేరూ బెన్ జాన్సనే. చాప్‌మన్-బర్నార్డ్ అనే పెద్ద పశువుల ర్యాంచ్‌కు ఫోర్‌మన్. ఒంటరిగా వెళ్లి కోడెను తాడుతో పడగొట్టి కట్టే స్టీర్ రోపింగ్‌లో పెద్ద ఛాంపియన్. ఒకే పేరు కావడంతో ఊళ్లో కొడుకుని 'సన్' అని పిలిచేవాళ్లు. అంటే అబ్బాయి. సినిమాల్లోకి వచ్చాక కూడా కొంతకాలం ఆ పిలుపు అతన్ని వదల్లేదు. మంచి పేరున్న తండ్రికి అదే విద్యలో కొడుకుగా పుట్టడం ఎలా ఉంటుందో మన సినిమా కుటుంబాలను చూసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తండ్రి అంతటివాణ్ని కాగలనా లేదా అన్నది బెన్ మనసులో ఎప్పుడూ ఉండేది. 1953లో అతను తేల్చుకోవాలనుకుంది అదే. మూడు డాలర్లు కూడా మిగలని ఆ ఏడాది సంగతే చెబుతూ, జీవితంలో అన్నిటికన్నా గర్వపడేది ఆ ఛాంపియన్‌షిప్‌కే అన్నాడు, ఆస్కార్ వచ్చాక కూడా.

హాలీవుడ్‌కు రావడం మాత్రం అతని ఆలోచన కాదు. 1940 ప్రాంతంలో హోవర్డ్ హ్యూస్ అనే నిర్మాత 'ది ఔట్‌లా' అనే సినిమా కోసం ఆ ప్రాంతంలో గుర్రాలు కొన్నాడు. వాటిని జాగ్రత్తగా చేర్చడానికో మనిషి కావాలి. బెన్‌ను పెట్టుకున్నారు. 'నేను గుర్రాల లోడుతో పాటు హాలీవుడ్ చేరాను' అని అతను చెప్పుకునేది అక్షరాలా నిజం. ర్యాంచ్‌లో రోజుకు ఒక డాలరు కూలి. సినిమావాళ్లు ఇచ్చిన మొదటి చెక్కు 300 డాలర్లు. ఆ తర్వాత కర్ర పుచ్చుకుని తరిమినా నన్ను ఓక్లహామాకు తోలలేకపోయేవాళ్లు, అన్నాడు.

చేసిన పని మాత్రం మారలేదు, గమనించండి. అక్కడా గుర్రాలే, ఇక్కడా గుర్రాలే. మారింది డబ్బిచ్చే చెయ్యి.

ఆ రోజుల్లో హాలీవుడ్ ఏడాది పొడవునా వెస్టర్న్‌లు తీస్తుండేది. వాటికి వందల గుర్రాలు, బళ్లు, జీన్లు కావాలి. వీటిని అద్దెకిచ్చే పెద్ద లాయం ఒకటి క్లారెన్స్ జోన్స్ అనే ఆయనది. అందరూ 'ఫ్యాట్ జోన్స్' అనేవాళ్లు. బెన్ 1941లో ఆయన కూతురు క్యారల్‌ను పెళ్లి చేసుకున్నాడు. యాభై ఏళ్లకు పైబడిన కాపురం, 1994లో ఆమె పోయేదాకా సాగింది. 1953 చివర్లో మండిపడిన భార్య ఈవిడే. లాయం యజమాని కూతురు కాబట్టి ఒక గుర్రాన్ని ఏడాది మేపడానికి ఎంతవుతుందో ఆమెకు బాగా తెలుసు.

బెన్ గుర్రాల పని నుంచి డూప్ పనికి వెళ్లాడు. జాన్ వేన్, గ్యారీ కూపర్, జేమ్స్ స్టువర్ట్ లాంటి హీరోలకు బదులు స్వారీ చేశాడు, దూకాడు, పడ్డాడు. ఇక్కడే రోడియో మనుషులకు సినిమాలో ఎందుకంత గిరాకీయో తెలుస్తుంది. పడటం ఒక విద్య. జీను మీంచి పడే షాట్‌కు ముందు ఆ చోట నేలను తవ్వి, మెత్తటి ఇసుకో రంపపు పొట్టో నింపుతారు. రౌతు దౌడులో ఉండగానే రికాబుల్లోంచి పాదాలు లాగేసుకోవాలి. ఒక్క పాదం ఇరుక్కున్నా గుర్రం అతన్ని ఈడ్చుకుపోతుంది. చేతులు ముందుకు చాచకూడదు, మణికట్టు విరుగుతుంది. భుజం మీద వాలి దొర్లాలి, అదీ తవ్విన ఆ కాస్త జాగాలోనే, అదీ కెమెరా ఉన్న వైపుకే. ఎగిరిపడే గుర్రాల మీంచి వారం వారం పడి లేచేవాడికి ఇదంతా వంట్లో ఉంటుంది. ఇంకొకడికి నేర్పాలంటే ఏళ్లు పడుతుంది, ఈలోపు ఎముకలు మిగలవు.

గుర్రాల మాటకొస్తే, ఆ కాలంలో చేసినవన్నీ గొప్పగా చెప్పుకునేవి కావు. గుర్రం ముందు కాళ్లకు కనపడని తీగలు కట్టి, దౌడులో తీగ బిగిసేలా చేసి పడగొట్టేవాళ్లు. చాలా గుర్రాలు చచ్చాయి. 1939లో ఒక సినిమా కోసం కొండ మీంచి దూకించిన గుర్రం చనిపోయి పెద్ద గొడవయ్యాకే సెట్లో పశువుల మీద నిఘా మొదలైంది. దాంతో, కళ్లెం పక్కకు లాగితే తనంతట తానే భుజం మీద వాలేలా శిక్షణ ఇచ్చిన గుర్రాలకు విలువ పెరిగింది. అలాంటి గుర్రంతో పని చేయించాలంటే దాని మనసెరిగిన రౌతు కావాలి. మళ్లీ రోడియో మనిషే.

ఈ దారి వేసినవాడు బెన్ కాదు, యాకిమా కానట్. ఒరెగాన్‌లోని పెండిల్టన్ రోడియోలో ఒకటికి నాలుగుసార్లు ఆల్‌రౌండ్ ఛాంపియన్. 1939 నాటి 'స్టేజ్‌కోచ్'లో పరుగెత్తే గుర్రాల మధ్యలోకి జారి, బండి కింద నుంచి పోయింది ఆయనే. ఇరవై ఏళ్ల తర్వాత 'బెన్‌హర్' రథాల పందాన్ని నడిపించిందీ ఆయనే. సినిమావాళ్లు ఆయన్ను హీరోగా కూడా ప్రయత్నించారు, మాటల సినిమాలొచ్చాక గొంతు సరిపోలేదు. స్టంట్లకు గాను గౌరవ ఆస్కార్ 1967లో ఇచ్చారు. అంటే పడటం వచ్చినవాడికి మాట రాకపోతే డూప్‌గానే ఉండిపోవాలి. బెన్‌కు ఆ అదృష్టం వేరుగా రాసి ఉంది.

జాన్ ఫోర్డ్ 'ఫోర్ట్ అపాచీ' తీస్తున్నాడు. 1948లో వచ్చిన సినిమా. బెన్ అందులో హెన్రీ ఫోండాకు డూప్. ఒక రోజు ముగ్గురు మనుషులున్న బండిని లాగుతున్న గుర్రాలు బెదిరి పరుగందుకున్నాయి. కెమెరాకు ఆవల ఉన్న బెన్ గుర్రమెక్కి వెంటపడి బండిని ఆపాడు. ముగ్గురూ బతికారు. నీకు మంచి బహుమతి ఉంటుందని ఫోర్డ్ అన్నాడు. ఇంకో సినిమాలో డూప్ పని ఇస్తాడు, లేదా రెండు డైలాగులిస్తాడు అనుకున్నాడు బెన్. పిలిచి కవరు చేతిలో పెట్టాడు. అందులో నటుడిగా ఏడేళ్ల కాంట్రాక్టు. బెన్ చదవడం మొదలుపెట్టి, అయిదో లైనులో 'వారానికి 5,000 డాలర్లు' అని కనపడగానే అక్కడితో ఆపి, పెన్ను తీసుకుని సంతకం పెట్టేశాడట. ఆరో లైనులో ఏముందో చూడలేదు. ఇది అతను చెప్పే కథ. కాస్త మసాలా పడి ఉండొచ్చు, అయినా బెదిరిన బండిని ఆపడం అనే కౌబాయ్ పనికి ఎక్కడా ఇంత కూలి పడి ఉండదు.

ఆ వెంటనే వచ్చిన సినిమాలు చూస్తే ఫోర్డ్ తెలివి అర్థమవుతుంది. బెన్ చేత నటింపజేయలేదు, స్వారీ చేయించాడు. 'షీ వోర్ ఎ యెల్లో రిబ్బన్'లో అతను సార్జెంట్ టైరీ. అది నా డిపార్ట్‌మెంటు కాదు సార్, అని ముక్తసరిగా అనేసి పని మాత్రం అంతా తనే చేసుకొచ్చే పాత్ర. ఆ సినిమాలో వెంటబడ్డవాళ్లను తప్పించుకుంటూ గుర్రంతో అగాధం దూకే ఘట్టం ఉంది. డూప్ లేడు కాబట్టి కెమెరా మొహం నుంచి తప్పుకోవాల్సిన పనిలేదు. చాలా సినిమాల్లో హీరో గుర్రమెక్కగానే షాట్ దూరానికి పోతుంది, మనిషి చుక్కంత అవుతాడు. ఇక్కడ అలా జరగదు. 'రియో గ్రాండే'లో అయితే రెండు గుర్రాల వీపుల మీద చెరో పాదం పెట్టి నిలబడి, కంచె దూకించాడు. తోడుగా నటించిన హ్యారీ కేరీ జూనియర్ కూడా నేర్చుకుని చేశాడు. 'వేగన్ మాస్టర్'లో బెన్‌దే ప్రధాన పాత్ర.

అంత బాగా సాగుతుండగా చెడింది. 'రియో గ్రాండే' రోజుల్లో రాత్రి భోజనాల బల్ల దగ్గర ఫోర్డ్ ఏదో విని నోరు జారాడు. మనుషుల్ని అందరిముందూ కించపరచడం ఆయనకు అలవాటే, పెద్ద పెద్ద హీరోలే తలొంచుకుని పడేవాళ్లు. బెన్ లేచి, ఆయన పక్కగా పోతూ చెవిలో ఏదో చెప్పి వెళ్లిపోయాడు. ఏం చెప్పాడో ఊహించుకోవచ్చు, అచ్చు వేయలేం. ఆ తర్వాత పదమూడేళ్ల పైచిలుకు, 1964లో 'షయెన్ ఆటమ్' వచ్చేదాకా ఫోర్డ్ అతనికి పాత్ర ఇవ్వలేదు. రోజుకు డాలరు కూలికి పనిచేసినవాడు వారానికి వేలు ఇచ్చే మనిషిని లెక్కచేయలేదంటే పొగరని కాదు. చేతిలో ఇంకో విద్య ఉన్నవాడి ధైర్యం అది. సినిమా పోతే తాడుంది.

1953లో ఆ తాడునే పరీక్షించి చూసుకున్నాడు. గెలిచాడు, మూడు డాలర్లు కూడా లేకుండా వచ్చాడు. ఇక సందేహం తీరింది, ఛాంపియన్ కాగలడు కానీ దాని మీద బతకలేడు. ఆ ఏడాదే విడుదలైన 'షేన్'లో అతను హీరో చొక్కా మీద విస్కీ చల్లే రౌడీ. సినిమాలే అన్నం పెడతాయని ఒప్పుకుని, చిన్నాపెద్దా చూడకుండా వేషాలు వేసుకుంటూ పోయాడు.

మధ్యలో ఒక మాట. ఈ దారి అందరికీ తెరుచుకోలేదు. ఓసేజ్‌కు ఆనుకునే ఉన్న 101 ర్యాంచ్‌లో బిల్ పికెట్ అనే నల్లజాతి కౌబాయ్ ఉండేవాడు. గుర్రం మీంచి దూకి కోడె కొమ్ములు పట్టి, దాని పెదవి కొరికి పడగొట్టేవాడు. స్టీర్ రెజ్లింగ్ అనే ఆట ఈ రోజు ఉందంటే ఆయన వల్లే. కొరకడం ఒక్కటే మానేశారు. నల్లవాళ్లను పోటీల్లోకి రానివ్వరు కాబట్టి ఒక్కోసారి వేరే జాతి మనిషినని చెప్పుకుని దిగాల్సి వచ్చింది. 1920ల మొదట్లో ఆయనతో సినిమాలూ తీశారు. అయితే అవి నల్లజాతి ప్రేక్షకుల హాళ్ల కోసం తీసినవి. పెద్ద స్టూడియోలకు ఆయన అక్కర్లేదు. 1932లో గుర్రం తన్ని చనిపోయాడు. రోడియో హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చింది 1971లో. బెన్‌ను పొగిడేటప్పుడు ఈ లెక్క కూడా గుర్తుంచుకోవాలి. బండి ఆపిన ప్రతివాడికీ ఫోర్డ్ కవరు దొరకదు.

1971 అన్నాను కదా. పీటర్ బొగ్డనోవిచ్ అనే యువ దర్శకుడు 'ది లాస్ట్ పిక్చర్ షో' తీసింది ఆ ఏడాదే. టెక్సస్‌లో గాలి తప్ప ఏమీ లేని చిన్న ఊరు. అందులో శామ్ ద లయన్ అనే పెద్దాయన. ఊళ్లోని పూల్ హాలు, హోటలు, సినిమా హాలు ఆయనవే. ఆ పాత్రకు బెన్‌ను అడిగితే వద్దన్నాడు. ఒకటి, మాటలెక్కువ. రెండు, స్క్రిప్టు నిండా బూతులు. బొగ్డనోవిచ్ వెళ్లి ముసలి ఫోర్డ్‌కు మొరపెట్టుకున్నాడు. ఫోర్డ్ ఫోన్ చేసి, జన్మంతా జాన్ వేన్ పక్కనే నిలబడతావా, అని అడిగాడట. చివరికి, తన డైలాగుల్లోంచి బూతులు తీసేసుకుంటానన్న ఒప్పందం మీద చేశాడు.

తెర మీద అతను కనిపించేది పది నిమిషాలకు అటూ ఇటూగా. అందులో చెరువు గట్టు సీను ఒకటి చాలు. శామ్ ఇద్దరు కుర్రాళ్లతో గేలం వేసి కూర్చుని ఉంటాడు. ఆ చెరువులో చేపలు లేవని ఆయనకూ తెలుసు. ఇరవై ఏళ్ల కిందట ఇక్కడికి ఓ అమ్మాయితో వచ్చానని మొదలుపెడతాడు. కెమెరా మెల్లగా ఆ మొహం దగ్గరికి జరుగుతుంది, మళ్లీ మెల్లగా వెనక్కి వస్తుంది. గొంతు పెరగదు, కళ్లు చెమర్చవు, చేతులు ఊపడు. ఎన్నాళ్లుగానో లోపల పెట్టుకున్న మాటను ఒక్కసారి తీసి, చూసి, మళ్లీ లోపల పెట్టేసుకుంటాడు.

ఇది నటన కాదు, ఆయన అలాగే ఉంటాడు, అన్నవాళ్లున్నారు. బెన్ కూడా నేను నటుణ్ని కానని అంటుండేవాడు. నేను ఒప్పుకోను. కెమెరా దగ్గరికొచ్చినప్పుడు ఏదో ఒకటి చేసేయాలన్న టెన్షన్ ఏ నటుడికైనా ఉంటుంది. ఏమీ చేయకుండా ఉండటం కష్టం. గుర్రంతో పనిచేసేవాడికి మాత్రం ఆ కష్టం చిన్నప్పుడే అలవాటవుతుంది. బెదిరిన జంతువు దగ్గరికి చేతులు ఊపుకుంటూ వెళ్తే తన్నులు తినాలి. గొంతు తగ్గించాలి, అవసరం లేని కదలిక మానాలి, అది మనవైపు వచ్చేదాకా ఆగాలి. చెరువు గట్టు మీద బెన్ కెమెరాను అలాగే దగ్గరికి రానిచ్చాడు. రోడియో మనుషులందరూ ఇలాగే ఉంటారని కాదు. రోడియోలో విదూషకుడిగా ఎద్దులను మళ్లించిన స్లిమ్ పికెన్స్ ఇందుకు పూర్తిగా ఎదురు రకం. 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్'లో అణుబాంబు మీద కాళ్లు చెరోవైపు వేసుకుని, టోపీ ఊపుతూ, కేకలు పెడుతూ కిందికి పోయేది ఆయనే. గుర్రం నేర్పింది ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి.

1972 ఏప్రిల్ 10న బెస్ట్ సపోర్టింగ్ యాక్టర్‌గా బెన్ పేరు చదివారు. స్టేజీ మీదికెళ్లి, ఇది ఇంతకన్నా మంచివాడికి దక్కేది కాదు, అన్నాడు తన గురించే. హాలంతా నవ్వింది. అప్పటికి అతనికి 53 ఏళ్లు. సినిమా పనిలో ముప్పయ్ ఏళ్లు దాటాయి. ఆ తర్వాత 'డిల్లింజర్', స్పీల్‌బర్గ్ తీసిన 'ది షుగర్‌ల్యాండ్ ఎక్స్‌ప్రెస్' లాంటివి వరసగా వచ్చాయి, డబ్బూ పెరిగింది. రోడియో హాల్ ఆఫ్ ఫేమ్ కూడా పిలిచి చేర్చుకుంది. సేవా కార్యక్రమాల కోసం సినిమావాళ్లను పోగుచేసి రోపింగ్ పోటీలు పెట్టేవాడు. ముసలితనంలోనూ తాడు వదల్లేదు.

1996 ఏప్రిల్ 8న అరిజోనాలోని మెసాలో, 96 ఏళ్ల తల్లిని చూడటానికి వెళ్లినప్పుడు గుండెపోటు వచ్చి పోయాడు. వయసు 77. కర్ర పుచ్చుకుని తరిమినా ఓక్లహామాకు తిరిగి వెళ్లనన్న మనిషిని అక్కడికే తీసుకెళ్లి, ఓసేజ్ కౌంటీలోని పావ్‌హస్కా ఊరి శ్మశానంలో పూడ్చారు.